ఎం.ఆర్.ఐ. యంత్రం చెప్పుకున్న కథ

పుర్రె తెరవకుండా మెదడు లోపలికి చూడగలగడం నా విద్య. న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రిలో ఉండేదాన్ని. ఫిట్స్ వచ్చినవాళ్ళను నా గొట్టంలో పడుకోబెడితే, చాలాసార్లు కారణం నాక్కూడా దొరికేది కాదు. కొందరిలో మాత్రం నల్లగా, గుండ్రంగా ఒక తిత్తి, దాని లోపల కాస్త ఓరగా తెల్లటి చుక్క కనబడేవి. ఆ చుక్క బద్దెపురుగు పిల్ల తల. కణితి కాదని తేలితే ఇంటివాళ్ళ ప్రాణం కుదుటపడేది.

1990 జూన్ నుంచి 1991 జూలై మధ్య ఆ నగరంలో ఆర్థడాక్స్ యూదుల్లో నలుగురికి పదేపదే ఫిట్స్ వచ్చాయి. నలుగురూ ఒకరికొకరు చుట్టాలు కారు. వాళ్ళ మెదళ్ళలో ఈ బద్దెపురుగు జబ్బు గుర్తులే కనబడ్డాయి. పంది మాంసం ముట్టని ఇళ్ళలోకి పంది బద్దెపురుగు ఎలా వచ్చింది?

సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే పేగులో పురుగు పెరుగుతుంది. మెదడుకెక్కేది మాత్రం ఆ పురుగు గుడ్డు నుంచి వచ్చిన పిల్ల. గుడ్లు పురుగున్న మనిషి మలంతో బయటపడతాయి. సబ్బుతో కడగని చేతుల మీదుగా అన్నంలో కలుస్తాయి. తిన్నవారి పేగులో గుడ్డు విచ్చుకుంటే, పిల్ల రక్తంలో పడి మెదడు చేరుతుంది. ఏళ్ళ తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. చాలాసార్లు అది చచ్చేటప్పుడే చుట్టూ వాచి, మూర్ఛ మొదలవుతుంది. భారతదేశంలో శాకాహారులకూ ఇది వచ్చేది అందుకే.

ఆ నలుగురి ఇళ్ళలో లాటిన్ అమెరికా నుంచి వచ్చి పనిచేసేవాళ్ళను పరీక్షిస్తే, ఒకరి పేగులో బద్దెపురుగు బయటపడింది. రెండు కుటుంబాల్లో ఏడుగురి రక్తంలో ఈ జబ్బు యాంటీబాడీలు కనిపించాయి. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ దీన్నంతా అచ్చువేసింది. ఈ పురుగు ఎక్కువగా ఉండే దేశాల నుంచి వచ్చినవారిని వంటపనిలో, ఇంటిపనిలో పెట్టుకునేముందు పరీక్షించాలని అందులో రాశారు. పరీక్ష మంచిదే. కానీ పనిమనిషిని నేరస్థురాలిలా చూస్తే నేను ఒప్పుకోను. కడుపులో పురుగున్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. ఆమె కూడా రోగే, ఆమెకూ వైద్యం కావాలి. పేగులో పురుగుకైతే సాధారణంగా ఒక్క మోతాదు మందు చాలు.

మెదడు సంగతి వేరు. అక్కడ పురుగును చంపే మందు పడితే తిత్తులు చస్తూ వాపు పెంచుతాయి. అందుకే డాక్టర్లు ఆ మందు ఆల్బెండజోల్‌తో పాటు స్టెరాయిడ్ ఇస్తారు, మూర్ఛ మందు వేరే. సొంత వైద్యం ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. చచ్చిన తిత్తి ఒక్కోసారి సున్నపు మచ్చగా మిగిలిపోతుంది. ఆ మచ్చను సి.టి. స్కాన్ నాకన్నా బాగా పట్టుకుంటుంది. దానివల్ల మళ్ళీ ఫిట్స్ రావచ్చు, కాబట్టి కులాసాగా ఉంది కదా అని మాత్రలు మానేయకండి. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.