కటింగ్ బోర్డుకు నలుగు

ఏలూరు నిమ్మకాయల యార్డులో ధర పడిపోయినప్పుడల్లా రైతు నెత్తి కొట్టుకుంటాడు. పప్పుచారును మించి నిమ్మకాయకు గిరాకీ ఉన్న చోటు ఇంకొకటుందని ఆయనకు తెలీదు పాపం. అది కటింగ్ బోర్డు. ఫోను తెరిస్తే చాలు: బోర్డు మీద గుప్పెడు రాళ్లుప్పు, సగానికి కోసిన నిమ్మచెక్కతో రుద్దుడు, ఆపైన వంటసోడా, ఆ మీద వెనిగర్. బుసబుసా పొంగుతుంది. “చూశారా, క్రిములు ఎలా చచ్చిపోతున్నాయో!” అంటుందో గొంతు. మన గోదావరి జిల్లాల్లో పెళ్లికూతురికైనా ఇంత శ్రద్ధగా నలుగు పెట్టరండీ.

ఆ పొంగు సంగతి హైస్కూలు పిల్లాడైనా చెప్తాడు. వెనిగర్ ఆమ్లం, సోడా క్షారం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పైకి లేచేది కార్బన్ డయాక్సైడ్, మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. చచ్చింది క్రిమి కాదు, మీరు కొన్న సోడా, వెనిగరూ. నిమ్మకాయకూ ఉప్పుకూ వాసన తగ్గించే గుణం ఉంది, కాదనను. తాడేపల్లిగూడెం మార్కెట్టు ఉల్లిపాయలు రోజూ తరిగే బోర్డుకు ఆ మాత్రం సేవ దక్కాల్సిందే. కానీ ఉల్లి వాసన పోవడం వేరు, పచ్చి కోడిమాంసం వదిలిపోయిన సాల్మొనెల్లా పోవడం వేరు.

ఇంతా చేసి ఆ బోర్డును దేంతో తుడుస్తారో చూడండి. పొద్దున పొంగిన పాలు తుడిచి, మధ్యాహ్నం చేప నీళ్లు తుడిచి, కుళాయికి వేలాడదీసిన తడిగుడ్డ! తుడిచాక ఆ బోర్డును సింకు పక్క తడిలోనే వెల్లకిలా పడుకోబెడతారు. వారానికి అడుగున నల్లటి బూజు. ఇల్లలకగానే పండగైపోయిందన్నమాట.

భయపడ్డ ఊళ్లో సరుకు అమ్మడం తేలిక. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఫిట్స్ వచ్చి ఎక్కడివాళ్లక్కడ కూలిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. అది కళ్లారా చూసిన వాళ్లకి బోర్డు పెట్టె మీద ‘యాంటీ బ్యాక్టీరియల్’ అన్న మాట కనిపిస్తే చెయ్యి జేబులోకి పోదా? సీసం బ్యాక్టీరియా కాదనీ, దాన్ని ఏ బోర్డూ ఆపలేదనీ చెప్పే తీరిక అమ్మేవాడికి ఎందుకుంటుంది? ఇప్పుడు టైటానియం పలక దిగింది. గీత పడదట. పడుతుంది, పైగా కత్తీ మొండిబారిపోతుంది. కంగారు పడకండి, సానపట్టే యంత్రం వీడియో కూడా వెనకాలే వస్తుంది.

చెక్క మురికి, ప్లాస్టిక్ శుభ్రం అని ఇంకో నమ్మకం. 1990ల మొదట్లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ క్లైవర్ బృందం, చెక్కను ప్లాస్టిక్ అంత సురక్షితంగా కడిగే దారి వెతుకుదామని కూర్చుంది. తీరా చూస్తే కథ అడ్డం తిరిగింది. చెక్క మీద వేసిన బ్యాక్టీరియా లోపలికి ఇంకి, పైకి రాలేక క్రమంగా చచ్చింది. కత్తిగాట్లు పడ్డ ప్లాస్టిక్ మీదదేమో చేత్తో ఎంత కడిగినా గాట్లలో హాయిగా కాపురం పెట్టింది. కొత్త ప్లాస్టిక్‌తో పేచీ లేదు, కానీ బోర్డు ఎన్నాళ్లు కొత్తగా ఉంటుంది? పైగా 2023లో నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ప్లాస్టిక్ బోర్డు మీద క్యారెట్లు తరిగి చూస్తే సన్నటి ప్లాస్టిక్ రజను రాలింది. అందులో కొంత కూరలోకి, కొంత సింకులోకి. ఏలూరు మురుగు చివరికి చేరేది కొల్లేటికే కదండీ. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సుకు మన వంటింటి కానుక అది.

“అందుకే మన కత్తిపీటే గొప్ప” అని లేచే పెద్దమనుషులున్నారు. కొంత నిజం. కత్తిపీట మీద వంకాయ గాల్లోనే తెగి గిన్నెలో పడుతుంది, చెక్కను తాకదు. చేపల బజారులో చూడండి: చేతిలో జారిపోయే కొరమీనును బూడిదలో దొర్లించి, పీటను కాలి కింద తొక్కిపట్టి, పొలుసు, రెక్క, తల, నాలుగు ఊపుల్లో తీసేస్తుంది ఆ అమ్మ. పెద్ద బొచ్చె తలకాయైతే చింతమొద్దు మీదికి వెళ్లాల్సిందే. ఆ మొద్దు మీద ఈగలు ఎన్ని వాలాయో పెద్దమనిషికి కనిపించదు. పూర్వం బోర్డుల్లేవు, రోగాల్లేవు అంటాడు. కలరాకు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయింది కత్తిపీటల కాలంలోనే. రోగాలు లేవనడానికి ఆ ఊళ్లలో ఎవరూ మిగల్లేదేమో!

బోర్డుకు కావలసింది సబ్బు, వేణ్నీళ్లు, పీచు, రెండు వైపులా రుద్దే చేతులు. ఆ తర్వాత ఎండలో నిలబెట్టడం. ఏలూరు ఎండకు బిల్లు రాదు. మాంసానికీ చేపకీ ఒకటి వేరే పెట్టుకుంటే మంచిది. మరీ అనుమానమైతే నాలుగు లీటర్ల నీళ్లలో ఒక పెద్ద చెంచా బ్లీచ్ ద్రవం కలిపి, తడిపి, కాసేపాగి కడగండి. అందులోకి వెనిగరో నిమ్మరసమో మాత్రం చేర్చొద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది, క్రిమికంటే ముందు మీరు దగ్గుతారు.

చెక్కకు నూనె పట్టించాలనే మాట నిజమే. వేరుశనగ నూనె రాస్తే కొన్నాళ్లకు కంపు కొడుతుంది. అందుకని విదేశీ పేరుతో చిన్న సీసాలో ‘బోర్డు ఆయిల్’ అమ్ముతున్నారు. అది చాలావరకు మినరల్ ఆయిలే. మన మందుల షాపులో లిక్విడ్ పారాఫిన్ పేరుతో, విరేచనం కావడానికి ఇచ్చే సరుకు కూడా ఆ జాతిదే. తెచ్చుకుంటే చవకే, కాకపోతే ఆ సీసా వంటింట్లో ఎందుకుందో మావగారికి ముందే చెప్పి పెట్టండి.