పల్నాడా? ఎక్కడా కనబడలేదండీ!

కీవర్డ్ వెతుకులాట మాటను చూస్తుంది, మనసును చూడదు. అడిగిన మాట డేటాసెట్ పేరులో, వివరణలో ఎన్నిసార్లు ఉంది, అదెంత అరుదైన మాట అన్నది లెక్కగట్టి ఫలితాలను వరుసపెడుతుంది. కేంద్రం తన గణాంకాలను 2012 నుంచి డేటా.గవ్.ఇన్‌లో, 2024 నుంచి ఈ-సాంఖ్యికి పోర్టల్‌లో పోగేస్తోంది. ఆ గుట్టల్లో తడుముకునే ఏఐ ఏజెంటుకు ఈ పరికరమే చేతికర్ర.

ఆ కర్ర పట్టుకుని పల్నాడు జిల్లా కేంద్రం నరసరావుపేట వస్తే అసలు తమాషా. ఈ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. చివరి జనగణన 2011లో. కాబట్టి 'పల్నాడు జిల్లా జనాభా' అంటే ఆ పట్టికల్లో సున్నా. మాచర్ల, గురజాల జనమంతా గుంటూరు ఖాతాలో భద్రంగా ఉన్నారు. పల్నాటి యుద్ధ కథలో బ్రహ్మనాయుడు, నాగమ్మ కోళ్లపందెం ఆడిన సీమ సొంత జిల్లా కావడానికి ఇన్ని శతాబ్దాలు పట్టింది మరి! పైగా ఇంగ్లీషులో నరసరావుపేట చివరి అచ్చు ఒక ఫైలులో ఉంటుంది, ఇంకో ఫైలులో ఊడుతుంది. రైతు 'మిర్చి' అంటాడు, పట్టిక 'డ్రై చిల్లీస్' అంటుంది.

మందు లేకపోలేదు. పర్యాయపదాల జాబితా చేర్చాలి, పేర్ల బదులు స్థానిక సంస్థల డైరెక్టరీ కోడ్‌లు వాడాలి, మండలాల వారీగా పాత అంకెలు కూడాలి. కొత్త జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ లెక్కలు అందేదాకా ఏజెంటు గుంటూరులో దిగి, పల్నాడు బస్సెక్కాల్సిందే.