కుబేరుల వారికి తిరుపతి నుంచి అర్జీ

శ్రీ కుబేరుల వారికి, అలకాపురి.

అయ్యా,

తిరుపతి అనగానే కంగారు పడకండి, అప్పు కోసం కాదు ఈ ఉత్తరం. నారాయణవనంలో పద్మావతమ్మతో పెళ్లికని మా స్వామి మీ దగ్గర తెచ్చిన బాకీకి ఇంకా వడ్డీయే నడుస్తోంది, అసలు అలాగే ఉంది. బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులుగా రాసిన ఆ పత్రం మీ పెట్టెలో భద్రంగానే ఉంటుంది. దాన్ని చూసి మాకొక కాగితం ముక్క రాసివ్వండి చాలు: ఈ ఊరు అసలు తీర్చకపోయినా వడ్డీ ఎగ్గొట్టదని. ఇక్కడ దాన్ని క్రెడిట్ రేటింగ్ అంటారు. అది లేకుండా నగరపాలక సంస్థ జనానికి బాండ్లు అమ్మడానికి వీల్లేదు.

బాండ్లెందుకంటారా? ఎండను కొనడానికి. మే నెల మధ్యాహ్నం రేణిగుంటలో రైలు దిగి చూడండి, మా సరుకు ఎంత నాణ్యమైనదో మీ నెత్తికే తెలుస్తుంది. కిలోవాటు ప్యానెళ్లు పెడితే రోజుకు సుమారు 4 యూనిట్లు. కొండమీది వాళ్లు ఈ సంగతి 2002 నాటికే పట్టేశారు. 106 డిష్‌లతో ఎండను ఒడిసిపట్టి, ఆవిరి పుట్టించి, రోజుకు 15 వేల మందికి వంట చేసే ఏర్పాటు చేసుకున్నారు. కింద ఉన్న మేం తీరిగ్గా లేచాం. 2016లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరాక తూకివాకం దగ్గర, మురుగునీరు శుద్ధిచేసే చోట 6 మెగావాట్ల ప్యానెళ్లు పరిచారు. కైలాసగిరి రిజర్వాయరు నీళ్లమీద తేలేవి మరో 4 మెగావాట్లు. సూర్యభగవానుడికి మురుగు పక్కన ఒక కొలువు, మంచినీళ్ల మీద ఒక కొలువు.

అంతటితో ఆకలి తీరలేదు. తెలుగుగంగ నీళ్లు తోడే మోటార్లు, వీధిదీపాలు, ఆఫీసులు, అన్నీ కరెంటు తింటాయి. కరెంటు పంచే దక్షిణ డిస్కం ప్రధాన కార్యాలయం కూడా ఊర్లోనే ఉంది కాబట్టి బిల్లుకు దారిఖర్చు కూడా లేదు. తేరగా డబ్బిచ్చిన స్మార్ట్ సిటీ పథకమేమో 2025 మార్చి 31తో మూతపడింది.

ఇక మిగిలింది రెండు దారులు. ఏదో కంపెనీ వచ్చి ప్యానెళ్లు పెట్టి, పాతికేళ్లు మా ఎండను మాకే యూనిట్ల లెక్కన అమ్మడం ఒకటి. బాండ్లు కొని మా డబ్బు మేమే పెట్టుకోవడం రెండోది. 2018లో హైదరాబాద్ తొలి విడతగా 200 కోట్లు, విశాఖ 80 కోట్లు బాండ్లతో తెచ్చుకున్నాయి గానీ వాటిని కొన్నది పెద్ద పెద్ద సంస్థలు. ఇండోర్ నగరపాలక సంస్థ 2023 ఫిబ్రవరిలో మామూలు జనం ముందే చెయ్యి చాపింది. నర్మద నీళ్లు తోడే జలూద్ దగ్గర 60 మెగావాట్ల సోలార్ కోసం 244 కోట్లు, వడ్డీ 8.25 శాతం. దాదాపు మూడు రెట్ల డబ్బుతో జనం ఎగబడ్డారు.

సొంత మిద్దె ఉన్నవాడికి సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78 వేలు రాయితీ ఇస్తోంది. కొర్లగుంటలో రెండు గదుల్లో అద్దెకుండే ఆమెకు మిద్దె ఎక్కడిది? ఆమెకున్నది నెలనెలా కట్టే చీటీ. ఆ చీటీ డబ్బుకు ఊరి ఎండలో వాటా ఇమ్మంటున్నాను. కాకపోతే ప్యానెళ్లు ఎన్ని యూనిట్లు ఇచ్చాయో, ఎంత వడ్డీ కట్టారో ప్రతినెలా బస్టాండు గోడకు అంటించాలి. హుండీ డబ్బు లెక్కించే పరకామణిలోనే చేతివాటం చూపిన ఘనులున్న చోటు మాది, నమ్మకానికి లెక్క తోడుండాలి.

దాచడమెందుకు, మీకు వడ్డీ కడుతున్నది మేం కాదు, దేశమంతటి నుంచి వచ్చే యాత్రికులు. మా సంగతి వేరు. ఈ అర్జీ రాస్తున్న నాకే రెండేళ్ల ఆస్తిపన్ను బాకీ ఉంది. రేటింగ్ రాసేటప్పుడు ఆ ఒక్కటీ చూసీచూడనట్టు పోనివ్వండి.

కొత్త పత్రానికి సాక్షిగా మా వీధి చివరి రావిచెట్టు సిద్ధంగా ఉంది. కరెంటు తీగలకు తగులుతున్నాయని మొన్ననే కొమ్మలు కొట్టేశారు. మొదలు మాత్రం గట్టిగానే ఉంది.

ఇట్లు,
మీ బాకీదారుల ఊరివాడు