ఎద్దు పుట్టిన ఊరు సరే, కూర ఉడికిన ఊరేది?

ఫ్రెంచి సర్కారుకు తిండి మీద ఉన్నంత శ్రద్ధ మరి దేనిమీదా ఉన్నట్టు కనబడదు. 'ఫ్రెంచి సంప్రదాయ రొట్టె' అని చెప్పి అమ్మాలంటే ఆ పిండిని ఏ దశలోనూ ఫ్రీజర్‌లో పెట్టకూడదని 1993లో ఏకంగా డిక్రీ జారీ చేసింది. హోటల్లో ఎద్దు మాంసం వడ్డిస్తే ఆ ఎద్దు ఏ దేశంలో పుట్టింది, ఎక్కడ పెరిగింది, ఎక్కడ కోశారు అన్నది కస్టమరుకు కనబడేలా రాసిపెట్టాలని 2002లో ఇంకో డిక్రీ. 2022లో పంది, కోడి, గొర్రెలకూ దాదాపు ఆ గౌరవమే దక్కింది. చచ్చిన పశువుకి ఇంత జాతకం రాయించిన ప్రభువులు ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. కూర వండిందెక్కడయ్యా? ఈ వంటింట్లోనా, ఊరవతల ఫ్యాక్టరీలోనా?

పారిస్‌లో నలుగురు స్నేహితులతో కలిసి బిస్ట్రో అనే చిన్న హోటల్‌కి వెళితే ఆ అడగని ప్రశ్నే ప్లేట్లో ఎదురవుతుంది. "పెద్ద రెస్టారెంట్ల డాంబికాలేవీ ఉండవురా, ఇంట్లో తిన్నట్టే ఉంటుంది" అని అక్కడ ఉద్యోగం చేస్తున్న మిత్రుడు మమ్మల్ని తీసుకెళ్లాడు. ఎర్ర గళ్ల టేబుల్‌క్లాత్, కిర్రుమనే కుర్చీలు, గోడకి నల్లపలక. ఆ పలక మీద 'ఇవాళ్టి వంటకాలు' సుద్దముక్కతో రాసి ఉన్నాయి. నేను కూర్చున్నది దాని పక్కనే. ఊరికే ఉండక వేలితో ఒక అక్షరాన్ని రుద్దాను. చెరగలేదు. సుద్దలా కనబడే పెయింటు! ఇవాళ్టి వంటకాన్ని చెరగని పెయింటుతో రాయించినవాడి ఆత్మవిశ్వాసానికి దండం పెట్టాలి.

వెయిటర్ వచ్చి "నీళ్లు మామూలువా, గ్యాసువా?" అన్నాడు. రెండూ సీసాలే, రెండింటికీ డబ్బులే. కుళాయి నీళ్ల కూజా అనే మూడో జవాబు కూడా ఉంది. అది ఉచితం. ఉచితంగా అడగవచ్చని కనబడేలా రాయాలని 2022 జనవరి నుంచి చట్టం. రాశారు, కాదనను. మెనూ అట్టడుగున, కళ్లజోడు తుడుచుకుని చదవాల్సిన సైజులో.

మాలో శాకాహారి ఒకావిడ ఉల్లిపాయ సూప్ చెప్పింది. "మాంసం ఏమీ లేదు మేడమ్, ఉల్లిపాయలే" అని వెయిటర్ హామీ. ఆ సూప్‌కి వాడేది మామూలుగా ఎద్దు ఎముకల రసమని ఆవిడకి చెప్పాల్సిన పని నా నెత్తిన పడింది. ఆవిడ ముందు చివరికి మేక చీజ్ సలాడ్ మిగిలింది. ఫ్రాన్సులో శాకాహారికి ఆఖరి దిక్కు ఎప్పుడూ ఆ మేకే.

ఆ సూప్ చరిత్ర కూడా చెప్పుకోవాలి. పారిస్‌లోని లే ఆల్ మార్కెట్లో రాత్రంతా బస్తాలు మోసిన కూలీలు తెల్లవారుజామున తాగిన చవక సూప్ అది. ఎండిన రొట్టె, ఉల్లిపాయలు, పైన కాస్త చీజ్. ఓవెర్న్ కొండల నుంచి పొట్టచేత పట్టుకుని పారిస్ వచ్చినవాళ్లు ఒకే కొట్లో బొగ్గూ వైనూ అమ్మిన రోజుల్లోంచి పుట్టినవే ఇలాంటి చిన్న హోటళ్లలో చాలా. 1969లో మార్కెట్ ఊరి శివారు రంజిస్‌కి తరలిపోయింది. కూలీలు వెళ్లిపోయారు, సూప్ ఉండిపోయింది, ధర మాత్రం పది యూరోలు దాటింది. ఇప్పుడు బస్తా మోసేవాడు ఆ గుమ్మం తొక్కలేడు.

ఇక అసలు భోజనం. ఒకరికి బర్గండీ వైన్‌లో ఉడికిన మాంసం, ఒకరికి బాతు కాలు, ఇంకొకరికి క్రీమ్‌లో దూడ మాంసం. పది నిమిషాల్లో అన్నీ కట్టకట్టుకుని వచ్చేశాయి. అలాంటి కూరలు పొద్దునే వండిపెట్టుకుంటారు కదా అంటారేమో. నిజమే, మర్నాటికి ఇంకా రుచి. కానీ నా గిన్నెలో అంచు నాలుక కాల్చింది, నడిమి ముక్క చల్లగా తగిలింది. క్యారట్ ముక్కలన్నీ అచ్చుపోసినట్టు ఒకే మందం. లోపలినుంచి 'టింగ్' అని వినబడింది. పొయ్యి అలా మోగదు. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు ఏ బిస్ట్రోకీ వెళ్లకుండానే కనిపెట్టారు.

దీనికి చట్టం లేదా అంటే, ఉంది. 2014లో 'ఇంటి వంట' ముద్ర తెచ్చారు. సాస్‌పాన్ మీద మూతలా ఇంటి కప్పు, అదీ బొమ్మ. పచ్చి సరుకు నుంచి అక్కడే వండితేనే ఆ ముద్ర. ఫ్రీజర్ సంచిలోంచి తీసిన పచ్చి కూరగాయలైనా ఫరవాలేదు! సూప్‌కి కావలసిన ఎముకల రసం కొని తెచ్చుకోవచ్చు, ఆ ముక్క కస్టమరుకు రాసి చెబితే చాలు. అసలు కిటుకు వేరే ఉంది. వండినవాడు ముద్ర వేస్తాడు, వండనివాడు నోరు మూసుకుంటే సరిపోతుంది. నిజాయితీపరుడు రుజువు చూపించాలి, ఫ్యాక్టరీ కూర సంచి కత్తిరించేవాడికి మౌనమే రక్షణ. ఎద్దుకి వర్తించిన న్యాయం వంటవాడికి వర్తించదు.

అద్దెలు పెరిగాయి, వంటవాళ్లు దొరకడం లేదు, ఒక్క మనిషి నలభైమందికి వండలేడు. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే ఆ మాట పలక మీద రాయండి. 'కూర బయటినుంచి తెచ్చాం, ఇక్కడ వేడిచేశాం, అందుకే ధర తక్కువ' అని. ధర తగ్గించరు కాబట్టే ఆ మాట రాయరు.

మనమూ తక్కువవాళ్లం కాదు. కూర వచ్చేలోపే పలక ముందు నిలబడి ఫొటోలు దిగాం. బిల్లు వచ్చాక డల్లాస్ నుంచి వచ్చిన బావగారు అలవాటు కొద్దీ కార్డు మెషీన్ మీద పదిహేను శాతం టిప్పు నొక్కేశారు. సర్వీసు సొమ్ము ధరలోనే కలిసి ఉండాలని 1987 నుంచీ అక్కడ నిబంధన అని చెబితే "నలుగురిలో పరువు పోతుంది, ఊరుకోండి" అన్నారు. ఈ వ్యాపారం నడుస్తున్నది సగం ఆ పరువు మీదే.

కాబట్టి పారిస్ వెళ్లే తెలుగువారికి మనవి. కుళాయి నీళ్లు అడగండి, సిగ్గుపడకండి. 'ఇది ఇక్కడే వండారా?' అని వెయిటర్ కళ్లలోకి చూసి అడగండి. ఆయన చూపు పక్కకి తిప్పితే కూర మానేసి గుడ్డు మయొన్నేజ్ చెప్పండి. అయినా పూర్తిగా నమ్మకండి. ఉడికించి పెంకు తీసిన గుడ్లు కూడా హోటళ్లకి బకెట్లలో వస్తున్నాయి.