కొత్త డోర్ ఎక్కడుందో చెప్పండి సార్!

మా బీమా కంపెనీ క్లెయిముల మేనేజరు గారికి,

కాశీబుగ్గ నుంచి మీ పాలసీదారుడు నమస్కరించి రాయునది. మీరు, మీ సర్వేయరు గారు, మీ నెట్‌వర్క్ వర్క్‌షాపు వారు క్షేమమని తలుస్తాను. మా కారు మాత్రం క్షేమంగా లేదు. నిన్నటి వానకి వెనక సీటు కింద మ్యాటు మీద నీళ్లు నిలిచాయి. ఎడమవైపు వెనక డోర్‌లోంచి. అదేనండీ, వ్యాను గుద్దాక మీ వర్క్‌షాపు వారు మార్చామంటే మీరు డబ్బు కట్టిన డోర్. 'డోర్, కొత్తది' అని బిల్లులో శుభ్రంగా రాసున్న డోర్.

మీ సేవలకు కృతజ్ఞతలు చెప్పుకుందామనే కాగితం తీశాను. నా వల్ల కాదు. ఇది దొంగతనం సార్!

మా టింకరింగ్ మేస్త్రికి చూపించాను. వేలి కణుపుతో ముందు డోర్ మీద కొడితే ఖంగుమంది. వెనక దాని మీద కొడితే డొబ్బుమంది. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం తెచ్చాడు. ముందు డోర్‌ని అది పట్టుకుని వదల్లేదు. వెనక డోర్ మీద హ్యాండిల్ కింద ఆనిస్తే జారి నేలమీద పడింది. "ఏటి బాబూ, ఇదా కొత్త డోరు? పాతదాన్నే లాగీసి లప్పం మెత్తీసినారు" అన్నాడు. రబ్బరు బీడింగ్ కూడా పాతదేనట.

బండికి మూడేళ్లు దాటాయని ఇనుముకి 25 శాతం, రబ్బరుకి, ప్లాస్టిక్‌కి 50 శాతం తరుగుదల నా నెత్తిన వేశారు. తప్పనిసరి కోత వెయ్యి రూపాయలు దానికి అదనం. రూలన్నారు, కట్టాను. అంటే లేని డోర్‌కి రూపాయిలో పావలా నేనిచ్చాను, ముప్పావలా మీరిచ్చారు. మీ ముప్పావలా పోయినందుకు మీకు కోపం రాదేం? పాత డోర్ తుక్కు ఖరీదని బిల్లులో ఇంకో కోత కూడా పెట్టారు. ఆ తుక్కు నా బండికే వేలాడుతోంది, వచ్చి చూసుకోండి!

నలిగిన బండిని మీ సర్వేయరు గారు చుట్టూ తిరిగి ఫొటోలు తీశారు, ఛాసిస్ నంబరుతో సహా. బాగుచేశామన్న బండిని మాత్రం ఒక్కరూ చూడలేదు. గుద్దిన కొబ్బరి బొండాల వ్యాను డ్రైవరే నయం. దిగి దండం పెట్టాడు.

అసలు ఈ పని మా మేస్త్రితోనే చేయించుకుంటానన్నాను. నెట్‌వర్క్‌లో లేడన్నారు. క్యాష్‌లెస్ కావాలంటే మడపాం టోల్‌గేటు దాటి శ్రీకాకుళం వైపు పొమ్మన్నారు. బండిని లాక్కెళ్లడానికి పాలసీలో ఉన్నది 1500 రూపాయలు. ఆ మాట చెబితే క్రేన్ వాడు నవ్వాడు. మీ అనుమతి లేకుండా నేను చేయించుకోదగ్గ రిపేరు 500 రూపాయల లోపట! ఐదొందలకి పలాసలోనే కిలో మంచి జీడిపప్పు రాదు సార్.

నిజమే, మేస్త్రికి జీఎస్టీ బిల్లు లేదు, ఏసీ గది లేదు. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరిచెట్లు విరిగి బళ్ల మీద పడితే, రేకులెగిరిపోయిన షెడ్డులో కూర్చుని నలిగిన టాపులు లేపినవాడు. లప్పం పెట్టేముందు రేకు చూసుకోమని మనల్ని పిలుస్తాడు. మార్చిన పాత సామాను డిక్కీలో పెట్టి మరీ అప్పగిస్తాడు. ఊళ్లో ఎవడైనా షెడ్డుని నమ్మాలా వద్దా అన్నది చూసేది ఈ రెంటితోనే. మీరేం చూసి నమ్మారు? బోర్డు చూసా?

సరే, కోపం దిగమింగి అడుగుతున్నాను. ముందు మీకు రాసి నెల రోజులు ఆగితే, హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ పైసా ఫీజు లేకుండా ఫిర్యాదు తీసుకుంటారని నాకు తెలుసు. అంతదాకా తిప్పకండి. ఒక మనిషిని పంపండి. ఆయన కూడా తట్టి చూస్తే చాలు. బిల్లులో రాసిన డోర్ నా బండికి వేయించండి. ఇకమీదట ఎవరి బండైనా సరే, తీసేసిన సామాను యజమానికి చూపించి, బాగైన బండిని మీవాళ్లు చూశాకే షెడ్డుకి డబ్బివ్వండి. నష్టపరిహారం వద్దు, క్షమాపణ వద్దు. అక్టోబరు, నవంబరు మాకు తుపాన్ల నెలలు. ఆలోపు కానివ్వండి, దయచేసి.

ఇట్లు,
ప్రీమియం ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యని
మీ పాలసీదారుడు, కాశీబుగ్గ

తా.క.: జవాబు ఫోనులో ఇవ్వకండి. మీ కాల్ సెంటరులో తెలుగు కోసం నంబరు నొక్కి, పాట వింటూ కూర్చుంటే చివరికి హిందీ వస్తోంది. కాగితం మీద, తెలుగులో, సంతకం పెట్టి పంపండి.