కువైట్‌లో రాత్రిళ్లు ఎట్లా గడపాలంటే

అబ్బీ, ఖాదిం వీసా (ఇంటిపని వీసా) స్టాంపింగ్ అయిపోయిందని, వచ్చే నెల విమానం ఎక్కుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నీ మెసేజీలో జీతమెంతని అడగలేదు, బాబా, అంటే ఇంటి యజమాని, మంచోడా చెడ్డోడా అని అడగలేదు. "మామా, డ్యూటీ అయినాక సాయంత్రం పూట ఆడ టైంపాస్‌కు ఏముంటాయి?" అని అడిగినావు. ఏజెంటు చూపించిన ఫోటో కూడా పంపినావు. సముద్రం, ఒడ్డున దీపాలు, నీళ్లలో వాటి వెలుగు, పక్కన ఒక చెట్టు. పదహారేండ్లుగా ఆ ఒడ్డెంబడే బండి తోలుతున్నవాణ్ణి, నాకంటే బాగా చెప్పేవాడు నీకు దొరకడు. తు.చ. తప్పకుండా పాటించు.

ముందు పెట్టె సర్దుకోవడం. పల్చటి చొక్కాలు, నిక్కర్లు, ఇసుకలో పరుచుకోవడానికి తువ్వాలు చాలు. ఫోటోలో ఉన్నది కొబ్బరిచెట్టే అనుకో, ఖర్జూరమని ఎవరన్నా అంటే వాదించు. కువైట్ కర్కాటక రేఖకు చాలా పైన ఉందనీ, అది ఎడారి ఒడ్డే గానీ గోవా కాదనీ నీ పదో తరగతి అట్లాసు చెబుతుంది. అట్లాసు చదివి గల్ఫ్‌కు పోయినోడు ఎవడున్నాడు? జనవరిలో దిగితే రాత్రిపూట పండ్లు టకటకా కొట్టుకుంటాయి గానీ, స్వెటరు పెట్టుకుంటే ఆ మేరకు ఊరగాయ తగ్గించుకోవాల్సి వస్తుంది. ఊరగాయే పెట్టుకో.

జులైలో దిగితే ఇంకా మేలు. 2016 జులై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుల్లోకే ఎక్కింది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని సర్కారు రూలు కూడా ఉంది. అంటే 4 దాటితే చల్లగా ఉన్నట్టే లెక్క. కాబట్టి పొద్దు గుంకంగానే సాల్మియా ఒడ్డుకు పో. ఏసీ బండిలోంచి కాలు కింద పెట్టీ పెట్టకముందే కండ్లద్దాలు ఆవిరి పట్టి ఏమీ కనబడదు. చొక్కా వీపుకు అతుక్కుంటుంది. దాన్నే సముద్రపు గాలి అంటారు. వాయవ్యం నుంచి షమాల్ దుమ్ముగాలి లేచిన రోజైతే ఆ గాలిని నమలొచ్చు కూడా, కరకరలాడుతుంది.

కువైట్ టవర్లు తప్పకుండా చూడు. 1979లో జనానికి తెరిచినారు. పెద్దది 187 మీటర్లు. పైనున్న గుండు అరగంటకొకసారి చుట్టూ తిరుగుతుంది. దాంట్లో కూర్చుంటే ఊరంతా నీ చుట్టూ తిరిగినట్టుంటుంది, తాగకుండానే. కింది పెద్ద గుండు చూసి అందులో బారు ఉంటుందనుకునేవాళ్లను నేను చూసినాను. తాగడానికి లోపల చాలానే ఉంది: 45 లక్షల లీటర్ల మంచినీళ్లు. అది ఓవర్‌హెడ్ ట్యాంకు అబ్బీ. మన ఊళ్లో పంచాయతీ ట్యాంకు ముందర నిలబడి సెల్ఫీ దిగితే నవ్వుతారు. ఇక్కడ ట్యాంకు ముందర దిగితే లైకులొస్తాయి.

మందు సంగతి ఎట్లాగూ అడుగుతావు. 1964లోనే ఈ దేశం సరుకు దిగుమతి ఆపేసింది. అయినా ఎవరో ఒకరు గదిలో కాస్తారు, నీళ్ల బాటిల్లో పోసి అమ్ముతారు. ఎవరు కాసినారు, దేంతో కాసినారు అని అడగొద్దు, మర్యాద కాదు. మెథనాల్ కలిసినా వాసనలో తేడా తెలియదు, కాబట్టి ఊరికే అనుమానం దేనికి? 2025 ఆగస్టులో 160 మంది ఇట్లాగే అనుమానపడకుండా తాగినారు. 23 మంది పోయినారు, కొందరికి చూపు పోయింది, చాలామందిని డయాలసిస్ మీద పెట్టినారు. దాదాపు అందరూ మన ఆసియా దేశాలోళ్లే. (ఇక్కడ ఎగతాళి రావడంలేదబ్బీ. తాగొద్దు. మళ్లీ సలహాల్లోకి వస్తాను.)

ఒడ్డున సరదాకు ఒక్కడివే పోవద్దు, పది మంది గుంపుగా పోండి. అప్పుడే బ్యాచిలర్లని దూరం నుంచే గుర్తుపడతారు. ఇక్కడ బ్యాచిలర్ అంటే పెండ్లికానోడు కాదు, పెండ్లాం పక్కన లేనోడు. నాకు ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి సంబంధాలు చూస్తున్నాం, ఈ పదహారేండ్లూ నేను బ్యాచిలర్నే. ఫ్యామిలీలు చాపలేసుకుని కూర్చున్న చోటే మీరూ కూర్చోండి, అటువైపే చూస్తూ నవ్వుకోండి. బతాకా (గుర్తింపు కార్డు) రూములోనే పెట్టిపో, జేబులో ఉంటే ప్యాంటు ఉబ్బుగా కనబడుతుంది. షుర్తా (పోలీసు) వచ్చి అడిగితే ఫోనులో ఫోటో ఉందని చూపించు, వాళ్లు తీరిగ్గా కూర్చుని చూస్తారు. ఆకామా (ఉండే పర్మిట్టు) ఒక కఫీల్ (స్పాన్సరు) మీద ఉండి నువ్వు ఇంకోచోట పనిచేస్తున్నావంటే, ఆ సంగతి కూడా నువ్వే ముందు చెప్పు. ఇంటికి ఉచితంగా విమాన టికెట్ దొరికే మార్గం అదొక్కటే.

గల్ఫ్ రోడ్డు మీద రాత్రి డ్రైవింగు చాలా బాగుంటుంది, ఇది మాత్రం నిజం. ఎడమపక్క సముద్రం, కుడిపక్క హోటళ్ల దీపాలు. మేడమ్‌ను మాల్‌లో దించి, ఆమె ఫోన్ చేసేలోపల బండి తీసుకుని ఒక చుట్టు వేసి రా. చేతిలో ఫోను పట్టుకుని వీడియో తియ్యి. 2025 ఏప్రిల్ నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం వచ్చింది. ఫోను పట్టుకుంటే 75 దినార్లు, ఎర్ర లైటు దాటితే 150. నీకు ఏజెంటు చెప్పిన జీతం 120 కదా. ఒక్క లైటుకు నెల జీతం పోయి ఇంకా 30 బాకీ పడతావు, అయినా వీడియోకు వ్యూస్ వస్తాయి.

నైట్‌లైఫ్ అంటే ఇక్కడ అసలైనది దివానియా. చీకటి నమాజు అయినాక మగవాళ్లంతా ఒక ఇంటి హాల్లో గోడ చుట్టూ పరుపుల మీద కూర్చుంటారు. చిన్న గాజు గ్లాసుల్లో చాయ్, చేదు గహ్వా, పేకాట, ఫుట్‌బాల్, రాజకీయం. తక్కువ చేసి చూడొద్దు. 1986లో పార్లమెంటును రద్దు చేసినాక, దాన్ని మళ్లీ తెమ్మని 1989 చివర్లో జనం సోమవారం సోమవారం గుమిగూడింది ఈ దివానియాల్లోనే. మన రచ్చబండకు ఏసీ పెట్టినట్టన్నమాట. నువ్వు కూడా ప్రతి వారం దివానియాకు పోతావు. ఎవరింటి ముందర బండి ఎక్కడ ఆపాలో నెలలోపలే తెలిసిపోతుంది.

బయట మా దివానియా జరుగుతుంది. నాలుగు జీఎంసీలు, రెండు లాండ్‌క్రూజర్లు వరసగా నిలబడి ఉంటాయి. ఒకడి డిక్కీలో మడత కుర్చీలు ఉంటాయి, మలయాళీ ఒకడు ఫ్లాస్కు తెస్తాడు, శ్రీలంకవాడు పొద్దుతిరుగుడు గింజలు తెస్తాడు. నంద్యాలాయన పాత సినిమా డైలాగులు అప్పజెబుతాడు, బంగ్లావాడికి తెలుగు రాదు గానీ సరిగ్గా నవ్వాల్సిన చోట నవ్వుతాడు. గింజల పొట్టు కింద పడెయ్యొద్దని ప్లాస్టిక్ కవరు అద్దానికి తగిలిస్తాం. ఎవరి ఫోను మోగినా అందరం ఒకేసారి జేబులు తడుముకుంటాం. "యల్లా, జీబ్ సయ్యారా" (పద, బండి తే) అని ఒక్క మాట వినబడితే చాలు, ఆ కుర్చీ ఖాళీ. చాయ్ సగంలోనే ఉంటుంది, దాన్ని ఇంకెవరో తాగుతారు. రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరి, పొద్దున ఆరుకు పిల్లల్ని స్కూలుకు దించాలి. నిద్ర గురించి బెంగపడకు, ఎర్ర లైట్ల దగ్గర పోవచ్చు.

మీ చిన్నమ్మ కూడా ఇంటిపనికి వస్తానంటోందంట గదా. ఆమెకు చెప్పు, ఆడవాళ్లకు నైట్‌లైఫ్ వెతుక్కుంటూ పోయే పనే లేదు, అదే ఇంటికొస్తుంది. రంజాన్ నెలలో రమ్మను. ఇఫ్తార్ పొద్దు గుంకంగానే, ఆ గిన్నెలు తోమేలోపల రాత్రి పదకొండుకు గబ్గా మొదలవుతుంది. చుట్టాలు వస్తారు, మచ్బూస్ పళ్లేలు, లుగైమాత్, చాయ్ మీద చాయ్. రెండుకు వాళ్లు లేస్తే, మూడుకు సహరీ వంట. 2015లో వచ్చిన 68వ నెంబరు చట్టం ఇంటిపనివాళ్లకు రోజుకు పన్నెండు గంటలకు మించి పని వద్దంది, వారానికొక సెలవు ఇమ్మంది. ఆ కాగితం ప్రింటు తీసి ఇంటి మేడమ్‌కు చూపించమను, అరబ్బీలోనే ఉంటుంది కాబట్టి బాగా అర్థమవుతుంది. చూపించినాక ఫోను ఎవరి దగ్గర ఉంటుందో నేను చెప్పలేను.

సెలవు దొరికితే అది శుక్రవారమే. ఆ రోజు టవర్లూ సముద్రమూ వదిలెయ్యి, మనోళ్లంతా చేరే మాలియాకు రావొద్దు. వచ్చినావా, కువైట్ చూడటం పోయి రాయచోటి, రాజంపేట, బద్వేలు చూస్తావు. నాలుగు అడుగులకొకడు "ఎప్పుడొచ్చినావన్నా?" అని పలకరిస్తాడు. గోదావరి జిల్లాల ఆడవాళ్లు కార్గో షాపుల ముందర టేపు చుట్టిన డబ్బాల మీద మార్కరుతో ఊరి పేరు రాయించుకుంటూ ఉంటారు. డబ్బాలో కంబళ్లు, నీడో డబ్బాలు, టాంగ్, టైగర్ బామ్. పోయినసారి ఒకామె డబ్బా కట్టేసినాక మళ్లీ విప్పించింది. పాపకు కొన్న చెప్పులు ఒక సైజు పెద్దవి కొన్నానా లేదా అని చూసుకోవాలంది. చూసుకుంది. పెద్దవే. అయినా చేత్తో మడమ దగ్గర కొలిచి, "రెండేండ్లకు సరిపోతాయా అన్నా?" అని నన్నడిగింది. నేనేం చెప్పేది? సరిపోతాయన్నాను. ఇట్లాంటివి చూస్తే సరదా అంతా చెడిపోతుంది, అందుకే రావొద్దంటున్నాను.

ఇంకొకటి, ఇంటికి ఫోను. డ్యూటీ దిగి, స్నానం చేసి, కడుపునిండా తిని, తీరిగ్గా రాత్రి పదింటికి చెయ్యి. మనకు పదైతే ఊళ్లో పన్నెండున్నర, రెండున్నర గంటలు ముందుంటారు. నేనట్లా చేస్తే మీ అత్త ఇమోలో ఎత్తుతుంది, ఎత్తి ముందు గొంతు తగ్గిస్తుంది. పిల్లల్ని చూపించమంటే ఫోను వాళ్ల మీదికి తిప్పుతుంది. ఫ్యాను నీడ తిరుగుతూ ఉంటుంది, దుప్పటి కదులుతూ ఉంటుంది. నా పిల్లలు పెద్దవాళ్లయింది నేను ఎక్కువగా నిద్రలోనే చూసినాను. పొడుగు ఎంతయినారో పడుకున్నప్పుడే బాగా తెలుస్తుంది, అదొక లాభం.

ఫోనులో రూము చూపించొద్దు. ఆరు మంచాలు, తాడు మీద బనియన్లు, కిటికీ బదులు ఏసీ డబ్బా. వాళ్లెందుకు చూడాలి? దానికి బదులు గల్ఫ్ రోడ్డు మీద పోతా పోతా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒక ఫోటో తీసి పెట్టుకో. సముద్రం, దీపాలు, నీళ్లలో వాటి వెలుగు, పక్కన ఖర్జూరం చెట్టు. ఎవరడిగినా అదే పంపు. నేను 2019లో ఒకటి తీసినాను, ఇప్పటికీ అదే పంపుతున్నా. మీ అమ్మకు పంపినాను, మీ నాయనకు పంపినాను, ఊళ్లో ఎవరెవరికో పోయింది. నీ ఏజెంటు చూపించిన ఫోటోలో ఎడమ మూల సైడు మిర్రర్ కొంచెం కనబడుతుంది, చూడు. అది మా బాబా జీఎంసీదే.