వశీకరణం: ధర అన్ని పన్నులతో కలిపి

ఫెరోమోన్ సెంటు అంటే వాసనకు కాకుండా, ఆ వాసన చేసిపెట్టబోయే పనికి వెల కట్టి అమ్మే సెంటు. చిటికెన వేలంత సీసా, పెట్టె మీద చీకట్లో దగ్గరవుతున్న రెండు ఆకారాలు, పక్కనే ఒక అణువు బొమ్మ. ఇది రాసుకున్నవారి వైపు ఎదుటివాళ్ళు తమకు తెలియకుండానే వచ్చేస్తారని హామీ. ఇదే హామీ ఊరిగోడ మీద ఫోన్ నంబరుతో సహా కనిపిస్తే దాన్ని వశీకరణం అంటారు. చదువుకున్నవాళ్ళు నవ్వుకుని ముందుకు నడుస్తారు. పక్కన షడ్భుజి గీసి ఉంటే మాత్రం ఆగి, ఆన్‌లైన్లో ఆర్డరు పెడతారు.

ఫెరోమోన్ అన్నది బూటకపు మాట కాదు. 1959లో పీటర్ కార్ల్‌సన్, మార్టిన్ లూషర్ ఆ పేరు పెట్టారు. ఒక జీవి బయటికి వదిలితే, అదే జాతికి చెందిన మరో జీవిలో ఫలానా స్పందనే పుట్టించే పదార్థం అని దాని అర్థం. అదే ఏడాది జర్మన్ రసాయనవేత్త అడాల్ఫ్ బ్యూటెనాండ్ బృందం సుమారు 5 లక్షల పట్టుపురుగుల నుంచి బాంబికోల్ అనే పదార్థాన్ని వేరు చేసి చూపింది. అది సోకగానే గూడు చీల్చుకొచ్చిన మగ పట్టుపురుగు రెక్కలు టపటపలాడిస్తూ ఆడదాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఇంతకీ ఆ ప్రేమికుడు ఎలాంటివాడు? ఎగరలేడు, తినలేడు, కొద్ది రోజులకు మించి బతకడు. జత కలవడం తప్ప లోకంలో అతనికి మరో వ్యాపకం లేదు. సెంటు సీసా పరోక్షంగా మాటిస్తున్నది ఇలాంటి వరుణ్ణే.

క్షీరదాల్లో కావాలంటే పంది ఉంది. మగ పంది నోటి నురుగులో ఆండ్రోస్టెనోన్ ఉంటుంది. పందుల ఫారాల కోసం దాన్ని స్ప్రేగా కూడా అమ్ముతారు. ముట్టె దగ్గర కొడితే ఎదలో ఉన్న ఆడ పంది కదలకుండా నిలబడిపోతుంది, కృత్రిమ గర్భధారణకు అదను అదేనని యజమానికి తెలుస్తుంది. ఎదలో లేని పంది ఆ డబ్బాను లెక్కచేయదు. మార్కెట్లో పనిచేస్తుందని రుజువైన ఫెరోమోన్ స్ప్రే ఇలాంటిది. దాని డబ్బా మీద ఆలింగనాల బొమ్మ అవసరం పడలేదు. ఈ ఆండ్రోస్టెనోనే మనుషులకు అమ్మే కొన్ని సీసాల్లోకీ చేరింది. జన్యువుల్లో తేడాను బట్టి అది కొందరికి మూత్రపు కంపుగా, కొందరికి తీపి వాసనగా తోస్తుంది, మరికొందరి ముక్కుకు అసలు తెలియనే తెలియదు. కాబట్టి రాసుకున్న మనిషి ఎదుటివారికి దేవలోకం నుంచి వచ్చినట్టున్నాడో, దొడ్డి నుంచి వచ్చినట్టున్నాడో ముందుగా చెప్పలేం.

మనుషుల కథ 1991లో పారిస్‌లో జరిగిన ఒక సదస్సుతో మొదలైంది. దానికి డబ్బు పెట్టింది ఇరాక్స్ అనే సెంటు కంపెనీ. ఆండ్రోస్టాడైనోన్, ఎస్ట్రాటెట్రైనాల్ అనే రెండు స్టెరాయిడ్లు మానవ ఫెరోమోన్లు కావచ్చన్న మాట అక్కడే పుట్టింది. పరీక్షించిన పదార్థాలు సరఫరా చేసిందీ ఆ కంపెనీయే. పెళ్ళికొడుకు బంధువులే జాతకం రాసి, వాళ్ళే పొంతన చూసినట్టు. లెక్కలేనన్ని జీవుల్లోంచి బాంబికోల్‌ను ఏరిన ఓపిక ఇక్కడ లేదు. ఈ రెంటినే ఎందుకు ఎంచుకున్నారో చూపే ఆధారాలు ఆ సదస్సులో సమర్పించిన పత్రంలో లేవని ఆక్స్‌ఫర్డ్ జీవశాస్త్రవేత్త ట్రిస్ట్రమ్ వైయట్ 2015లో తేల్చి రాశారు. అప్పటికే ఆ రెండు పేర్ల మీద పరిశోధన పత్రాలు గుట్టలు పడ్డాయి. 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన పరీక్షలో వాటి వల్ల ఎదుటివారి ముఖం మరింత ఆకర్షణీయంగా కనిపించిన దాఖలా దొరకలేదు. చాలా జంతువుల్లో ఫెరోమోన్లను పసిగట్టే వొమెరోనేసల్ అవయవం మనిషి ముక్కులో నామమాత్రపు గుంటగా మిగిలింది, దాన్ని నడిపే ముఖ్యమైన జన్యువు చెడిపోయి ఉంది. సీసా ఉత్తరం రాస్తూనే ఉంది, అటువైపు తపాలా కచేరీ ఎత్తేసి చాలా కాలమైంది.

వాసనను వాసనగా అమ్మలేకపోవడం ఈ వ్యాపారానికి పాత జబ్బే. ఐరోపాలో రోజ్‌మేరీని సారాయిలో దింపి తీసిన 'హంగరీ జలం' డెబ్బయ్యేళ్ళు దాటిన రాణికి కీళ్ళనొప్పులు పోగొట్టి, పోలెండు రాజు చేత పెళ్ళి మాట అడిగించిందని కథ కట్టారు. ప్లేగు రోజుల్లో వైద్యులు ముక్కు తొడుగుల్లో పరిమళ ద్రవ్యాలు కూరుకున్నారు, రోగం దుర్గంధం వల్ల వస్తుందని నమ్మి. 1709లో కొలోన్ నగరంలో వ్యాపారం మొదలైన ఫారినా కుటుంబపు ఓడికొలోన్‌ను జనం రాసుకోవడమే కాదు, మందుగా తాగారు కూడా. రహస్య ఔషధాల పాళ్ళు బయటపెట్టాలని 1810లో నెపోలియన్ ప్రభుత్వం శాసించింది. అమ్మేవాళ్ళకు పాళ్ళు చెప్పడం కన్నా రోగాలను వదులుకోవడమే మేలనిపించింది. సర్వరోగ నివారిణి బుద్ధిగా సెంటైపోయింది.

వాత్స్యాయనుడి కామసూత్రాల చివరి అధికరణంలోనూ వశీకరణ యోగాలున్నాయి, కనుక ఈ రోగం పడమటిది మాత్రమే అనుకోనక్కర్లేదు. అయితే వాసన కోసమే వాసన కొన్నవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు. కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లించి కర్పూర వసంతరాయలనిపించుకున్నాడు. ఆయనకు ద్వీపాంతరాల నుంచి సుగంధ ద్రవ్యాలు తెప్పించి ఇచ్చిన అవచి తిప్పయ్య శెట్టికి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. సరుకు అమ్మిన శెట్టి కావ్యానికి కృతిభర్త కాగలిగిన రోజులవి. తిరుమలలో స్వామికి నేటికీ పునుగు తైలం పూస్తారు. అది పునుగు పిల్లి గ్రంథుల స్రావమే, ఆ పిల్లి భాషలో సొంత చిరునామా లాంటిది. ఆ వాసనకు మరో పునుగు పిల్లి స్పందించవచ్చు. ఆఫీసులో పక్క సీటు మనిషి స్పందించాలన్న నియమం ప్రకృతిలో లేదు.

కస్తూరి మృగం, పునుగు పిల్లి అందరికీ చాలవు కాబట్టి 19వ శతాబ్దంలో రసాయనశాస్త్రం దిగింది. 1868లో రసాయనవేత్త పెర్కిన్ కూమరిన్ అనే పరిమళ పదార్థాన్ని తయారు చేశాడు, 1882లో అది ఫూజేర్ రొయాల్ అనే సెంటులోకి వచ్చింది. 1888లో ఆల్బర్ట్ బావర్ పేలుడు పదార్థాలతో ప్రయోగాలు చేస్తుండగా చవక కస్తూరి వాసన తగిలింది. ఇప్పుడు 'మృగ ఆకర్షణ' అని పెట్టె మీద అచ్చయ్యే చాలా కస్తూరికి మృగంతో పరిచయం లేదు.

సెంటు రాసుకుంటే ఏమీ జరగదని కాదు. వాసన సంకేతాలు మెదడులో జ్ఞాపకాలకూ ఉద్వేగాలకూ నెలవైన చోట్లకు దగ్గరి దారిలో చేరతాయి, అత్తరు వాసనకు పాత పెళ్ళిపందిరి గుర్తుకురావడానికి కారణం అదే. బ్రిటన్‌లో చేసి 2009లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరు మగవాళ్ళకు పరిమళం ఉన్న స్ప్రే, మరికొందరికి పరిమళం లేనిది ఇచ్చి వీడియోలు తీశారు. వాటిని శబ్దం లేకుండా చూసిన ఆడవాళ్ళు పరిమళం పూసుకున్నవాళ్ళకే ఎక్కువ మార్కులు వేశారు. తెరలోంచి వాసన రాదు. పనిచేసింది రాసుకున్నవాడి మీదే: కాస్త నిటారుగా నిలబడ్డాడు, కాస్త ధీమాగా చూశాడు. ఆ మాత్రానికి పంది నురుగు అక్కర్లేదు, మల్లెల సెంటు చాలు, చార్మినార్ దగ్గర చిన్న సీసాలో దొరుకుతుంది.

భారతదేశపు ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం సౌందర్య సాధనానికి ఇచ్చే నిర్వచనంలో 'ఆకర్షణను పెంచేందుకు ఉద్దేశించినది' అన్న అంశం ఉంది. ఉద్దేశం ఉంటే చాలు, ఫలితం అడగరు. తప్పుదోవ పట్టించే లేబులు నేరమే. కాకపోతే నేరం రుజువు కావాలంటే ఎవరో ఒకరు అధికారి ముందు నిలబడి, ఫలానా సీసా ఫలానా తేదీ నుంచి రోజూ రాసుకున్నానని, అయినా ఏ ఒక్కరూ తన వంక తిరిగి చూడలేదని, పూర్తి పేరు చిరునామాలతో అర్జీ రాసి సంతకం పెట్టాలి. ఫెరోమోన్ వ్యాపారానికి పెట్టుబడి ఆ సంతకం పెట్టలేని మొహమాటం.